పెద్ద బండికి మారాలా? ముందు తేలాల్సింది ఏది చాలడం లేదన్నది

క్లుప్తంగా: మోటార్‌సైకిల్ బండికి పవర్ చాలట్లేదని అనిపించడం వేరు, నిజంగా చాలకపోవడం వేరు. ఊళ్లో తిరిగేటప్పుడు 15 హార్స్‌పవర్ బండికీ 45 హార్స్‌పవర్ బండికీ తేడా తక్కువ. గంటకు 80 కిలోమీటర్లు దాటాక, వెనక మనిషి కూర్చున్నప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం అదే తేడా చాలా పెద్దది. కాబట్టి నెలలో ఎంతసేపు ఆ పరిస్థితుల్లో నడుపుతున్నారన్నదాన్ని బట్టే మారాలా వద్దా అన్నది తేలుతుంది. మారితే మొదటి కొన్ని నెలలు, ఎంత అనుభవం ఉన్నా, కొత్తగా నేర్చుకుంటున్నట్టే లెక్క.

చాలామందికి ఈ ఆలోచన ఒకేలా మొదలవుతుంది. చిన్న బండి కొన్నప్పుడు బాగానే ఉంటుంది, ఏడాదో రెండేళ్లో గడిచాక చెయ్యి అలవాటు పడిపోతుంది, ఒక రోజు హైవే మీద యాక్సిలరేటర్ చివరిదాకా తిప్పేసినా బండి ఇంక కదలదు, పక్కనుంచి ఇంకో బండి గేరు కూడా మార్చకుండా దాటి వెళ్లిపోతుంది. ఆ రాత్రి నుంచి వెతుకులాట మొదలు. ఎన్ని సీసీ, ఎంత హార్స్‌పవర్, సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లు. ఈ అంకెలన్నీ బండి గురించి చెప్పేవే. నడిపే మనిషి అవసరం గురించి వాటిలో ఒక్క ముక్క ఉండదు, అందుకే వాటిని ఎంత చదివినా నిర్ణయం తెగదు.

పవర్ ఎక్కడికి పోతుంది

బండి ఒకే స్పీడులో వెళ్తున్నప్పుడు ఇంజిన్ ముఖ్యంగా రెండిటితో పోరాడుతుంది. ఒకటి టైర్లు దొర్లడానికి పట్టే బలం, రెండోది గాలి. తక్కువ స్పీడులో మొదటిదే ఎక్కువ, కానీ స్పీడు పెరిగేకొద్దీ గాలి లెక్క మొత్తాన్ని మింగేస్తుంది. గాలి అడ్డు స్పీడు వర్గంతో పెరుగుతుంది, దాన్ని నెట్టడానికి కావాల్సిన పవర్ స్పీడు ఘనంతో పెరుగుతుంది. అంటే స్పీడు రెండింతలైతే గాలికి పెట్టాల్సిన పవర్ ఎనిమిదింతలు.

నిటారుగా కూర్చుని నడిపే మామూలు బండికి లెక్క వేస్తే, చదును రోడ్డు మీద గంటకు 40 కిలోమీటర్ల దగ్గర చక్రానికి ఒకటిన్నర హార్స్‌పవర్ కూడా అక్కర్లేదు. 60 దగ్గర సుమారు 3, 80 దగ్గర 6 పైచిలుకు, 100 దగ్గర 11 నుంచి 12, 120 దగ్గర 18, 19. విండ్‌షీల్డ్ ఉన్నా, వంగి కూర్చున్నా, మనిషి ఒడ్డూ పొడుగూ మారినా ఈ అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి. పెరిగే తీరు మాత్రం మారదు.

ఇప్పుడు 15 హార్స్‌పవర్ బండిని తీసుకోండి. గేర్లలో, చైన్‌లో కొంత పోగా చక్రం దాకా చేరేది 13 అనుకుందాం. 60 దగ్గర 3 ఖర్చయితే 10 చేతిలో ఉంటుంది, ఆ మిగులుతోనే పికప్. 80 దగ్గర మిగులు 6, 7కి పడిపోతుంది. 100 దగ్గర ఒకటో రెండో. యాక్సిలరేటర్ చివరిదాకా తిప్పినా బండి కదలనట్టు అనిపించేది ఇందుకే: ఇంజిన్ పాడవలేదు, ఉన్నదంతా గాలికే పెడుతోంది. అదే 45 హార్స్‌పవర్ బండికి 100 దగ్గర కూడా ఇంకా 25కి పైనే చేతిలో ఉంటుంది.

పెద్ద బండికి మారితే నిజానికి కొనేది ఈ మిగులునే. టాప్ స్పీడు అసలు సంగతి కాదు, రోజూ ఎవరూ దాన్ని వాడరు. 80 దగ్గరో 90 దగ్గరో ఇంకా ఎంత చేతిలో ఉందన్నదే రోడ్డు మీద తెలిసేది. ఊరి ట్రాఫిక్‌లో 30, 40 మధ్య తిరిగేటప్పుడు రెండు బండ్లకూ కావాల్సిన దానికంటే చాలా ఎక్కువే ఉంటుంది కాబట్టి అక్కడ పెద్ద బండి ఇచ్చే లాభం దాదాపు ఏమీ లేదు.

ఇద్దరు, ఒక లారీ, ఎదురుగా వచ్చే బండి

మిగులు ఎక్కడ పనికొస్తుందో చూడాలంటే ఓవర్‌టేక్ లెక్క చూడాలి. ముందు ఒక లారీ 60లో పోతోంది, మీరూ 60లోనే దాని వెనక ఉన్నారు, వెనక సీట్లో ఇంకొకరు. లారీ పొడవు, ముందూ వెనకా వదలాల్సిన ఖాళీ కలిపి లారీ కంటే 45 మీటర్లు ఎక్కువ పోవాలి. ఎదురుగా ఒక కారు 80లో వస్తోంది.

చిన్న బండి ఇద్దరి బరువుతో, గేరు దింపకుండా, సెకనుకు సెకనుకు 0.6 మీటర్ల చొప్పున, అంటే ప్రతి సెకనుకూ గంటకు సుమారు 2 కిలోమీటర్ల చొప్పున వేగం పుంజుకుంటుందనుకుందాం. ఓవర్‌టేక్ పూర్తవడానికి 12 సెకన్లు పడుతుంది. ఆలోగా మీరు 250 మీటర్లు, ఎదురు కారు 270 మీటర్లు వచ్చేస్తారు. అంటే మొదలుపెట్టే క్షణానికి అర కిలోమీటరు పైన ఖాళీ రోడ్డు కనిపించాలి. పెద్ద బండిని పూర్తిగా లాగకుండా, సెకనుకు సెకనుకు 1.5 మీటర్లతో నడిపినా 8 సెకన్ల లోపు అయిపోతుంది, 350 మీటర్ల ఖాళీ చాలు. ఆ నాలుగు సెకన్లూ, ఆ 170 మీటర్లూ, రెండు వరుసల రోడ్డు మీద తరచుగా ప్రయాణం చేసేవాళ్లకు మారడానికి గట్టి కారణం. నాలుగు వరుసల రోడ్డు మీదే ఎక్కువ తిరిగేవాళ్లకు, ఎదురు బండి అన్నదే ఉండదు కాబట్టి, ఈ కారణం చాలావరకు పోతుంది.

ఘాట్ రోడ్డు మీద ఇంకో భారం తోడవుతుంది. బండి, ఇద్దరు మనుషులు కలిపి 300 కిలోలైతే, 100 మీటర్లకు 6 మీటర్లు లేచే ఎత్తు మీద 60లో నిలబడటానికే అదనంగా 4 హార్స్‌పవర్ కావాలి. చిన్న ఇంజిన్ ఇక్కడ ఒక గేరు కిందకి దిగి గట్టిగా అరుస్తూ ఎక్కుతుంది. ఎక్కలేక కాదు, కానీ గంటల తరబడి అలా నడిపితే మనిషి అలసిపోతాడు.

ఇదే లెక్కకు రెండో వైపు కూడా ఉంది, దాన్ని దాటేయకూడదు. పెద్ద బండి ఓవర్‌టేక్ ముగిసేసరికి 100 దాటి ఉంటుంది, చిన్నది 86 దగ్గర ఉంటుంది. ఆపాల్సి వస్తే? మంచి టైర్లు, పొడి రోడ్డు, బాగా బ్రేకు పట్టగలిగిన మనిషి ఉంటే 60 నుంచి ఆగడానికి సుమారు 20 మీటర్లు, 100 నుంచి 55 మీటర్లు పడుతుంది. కంటికి కనిపించి చెయ్యి కదలడానికి పట్టే ఒక సెకను కలిపితే 37, 83. పవర్ స్పీడు ఎక్కే సమయాన్ని తగ్గించింది గానీ ఆపే దూరాన్ని ఒక్క మీటరు కూడా తగ్గించలేదు.

అంకె దగ్గరదే, బండ్లు వేరు

హార్స్‌పవర్ అంకె ఒక్కటే చూసి పోల్చేవాళ్లు తప్పకుండా చూడాల్సిన జంట ఒకటుంది. కేటీఎం 390 డ్యూక్, చాలా ఏళ్లు 373 సీసీ సింగిల్ సిలిండర్ ఇంజిన్‌తో, 43 హార్స్‌పవర్ దగ్గర అమ్ముడైంది. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650, రెండు సిలిండర్ల 648 సీసీ ఇంజిన్, 47 హార్స్‌పవర్. కాగితం మీద తేడా నాలుగు. కానీ మొదటిది ఆ పవర్ ఇచ్చేది 9,000 ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర, రెండోది 7,000 దాటిన కాసేపటికే. టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, మొదటిదానికి 35 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల, రెండోదానికి 52. బరువులో రెండోది 40 కిలోలకు పైగా ఎక్కువ.

నడిపేటప్పుడు ఇది ఎలా తెలుస్తుందంటే, రెండు బండ్లూ ఐదో గేరులో 60లో పోతున్నాయి, ఓవర్‌టేక్ చేయాలి. 650 మీద యాక్సిలరేటర్ తిప్పితే చాలు, గేరు అలాగే ఉంచి లాగేస్తుంది. 390 మీద రెండు గేర్లు దింపాలి, దింపాక అది కూడా దూసుకుపోతుంది, తేలిక కాబట్టి మలుపుల్లో ఇంకా హుషారుగా ఉంటుంది. ఒకటి మంచిది, ఇంకొకటి చెడ్డదని కాదు. గేర్లు మారుస్తూ ఇంజిన్‌ను పై ఆర్‌పీఎంలో ఉంచడం ఇష్టమైనవాళ్లకు ఒకటి, చెయ్యి తిప్పితే పని అయిపోవాలనుకునేవాళ్లకు ఇంకొకటి. పవర్ గరిష్ఠ అంకె కన్నా, రోజూ నడిపే 3,000 నుంచి 6,000 ఆర్‌పీఎం మధ్య బండి ఎలా లాగుతుందన్నది ఎక్కువ ముఖ్యం, బ్రోచర్లలో అరుదుగా కనిపించే సంగతి కూడా ఇదే.

బరువును ఎప్పుడూ మనిషితో కలిపే లెక్క వేయాలి. 150 కిలోల, 20 హార్స్‌పవర్ బండి మీద 70 కిలోల మనిషి కూర్చుంటే 100 కిలోలకు 9 హార్స్‌పవర్ పడుతుంది. ఇంకో 70 కిలోల మనిషి ఎక్కితే 7కి దిగిపోతుంది, అంటే దాదాపు నాలుగో వంతు మాయం. 190 కిలోల, 45 హార్స్‌పవర్ బండికి అదే 17 నుంచి 14 దగ్గరకు వస్తుంది. ఇద్దరు కూర్చున్నా అది ఒంటరిగా పోయే చిన్న బండి కంటే ముందే ఉంటుంది. ఎక్కువగా ఇద్దరు ప్రయాణించేవాళ్లు పెద్ద బండి మీద ఎందుకంత తృప్తిగా ఉంటారో ఇక్కడ తెలుస్తుంది.

పవర్ లోటులా కనిపించే వేరే లోట్లు

బండి లాగట్లేదన్న ఫిర్యాదుల్లో కొన్ని అసలు ఇంజిన్ సైజుకు సంబంధం లేనివి. క్లచ్ ప్లేట్లు అరిగితే ఆర్‌పీఎం లేస్తుంది, స్పీడు లేవదు. టైర్లలో గాలి తగ్గినా, బ్రేకు షూ ఒరుసుకుంటున్నా, చైన్ బిగుసుకున్నా, ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా బండి మెల్లగా, రోజురోజుకూ కాస్త కాస్త బలం కోల్పోతుంది. ఒక్కసారిగా పోదు కాబట్టి మనిషి గుర్తుపట్టడు, బండి చిన్నదైపోయిందనుకుంటాడు. పరీక్ష సులువు: మెయిన్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో వెనక చక్రాన్ని చేత్తో తిప్పండి. తేలిగ్గా కొన్ని చుట్లు తిరగాలి. అరచుట్టు తిరిగి ఆగిపోతే ఆ బండి ప్రతి కిలోమీటరూ బ్రేకు వేసుకునే పోతోందని అర్థం.

ఇంకో రకం లోటు గేరింగ్‌ది. చైన్‌ను తిప్పే పళ్ల చక్రం, అంటే ముందు స్ప్రాకెట్‌కు 14 పళ్లుంటే దాన్ని 13కి మారిస్తే చక్రం దగ్గర లాగుడు 7 శాతానికి పైగా పెరుగుతుంది, దానికి బదులు అదే స్పీడుకు ఇంజిన్ అంతే ఎక్కువ తిరుగుతుంది. ఎత్తు రోడ్లున్న చోట ఇది పనికొచ్చే మార్పు. హైవే మీద ఇంజిన్ అరుపు, వణుకు భరించలేనివాళ్లకు 15 పళ్లు వేస్తే ఎదురు ఫలితం వస్తుంది. కొన్ని బండ్లలో స్పీడోమీటర్ గేర్‌బాక్స్ నుంచి లెక్క తీసుకుంటుంది, అప్పుడు అది తప్పు చూపిస్తుంది, ఆ మాట ముందే కనుక్కోవాలి. పైగా కంపెనీ ఇచ్చిన గేరింగ్ మార్చితే వారంటీ విషయమూ అడిగి తెలుసుకోవాలి.

మూడోది అలసట. వంద కిలోమీటర్లు పోయాక చేతులు తిమ్మిరెక్కుతాయి, గాలి ఛాతీ మీద కొడుతూనే ఉంటుంది, నడుము పట్టేస్తుంది. ఇది కూడా బండి చాలట్లేదన్న మాటగానే బయటికి వస్తుంది. దీనికి విండ్‌షీల్డ్, సీటు, హ్యాండిల్‌బార్ మార్పు చాలవచ్చు. కాకపోతే ఇక్కడ పెద్ద బండి వైపు ఒక న్యాయమైన వాదన ఉంది: చిన్న ఇంజిన్ 100 దగ్గర తన సత్తా చివరంచులో తిరుగుతూ వణుకుతుంది, పెద్ద ఇంజిన్ అదే స్పీడులో సగం ఆర్‌పీఎంతో ప్రశాంతంగా పోతుంది. రోజంతా హైవే మీద ఉండేవాళ్లకు పవర్ కంటే ఈ ప్రశాంతతే ఎక్కువ విలువైనది.

బరువు, వేడి, చెయ్యి

పెద్ద బండి కష్టపెట్టేది స్పీడులో కాదు, దాదాపు ఆగిపోయినప్పుడు. ఇరుకు దారిలో యూటర్న్ తీసుకుంటూ, హ్యాండిల్ పూర్తిగా తిప్పి ఉండగా, ముందు బ్రేకు కాస్త గట్టిగా పడితే 200 కిలోల బండి ఒక పక్కకు ఒరుగుతుంది. కాలు పెట్టిన చోట గులక ఉందంటే అంతే, ఒక హద్దు దాటాక దాన్ని ఆపే బలం ఎవరి కాలికీ లేదు. 140 కిలోల బండిని ఇలాంటప్పుడు తొడ బలంతో నిలబెట్టేయవచ్చు కాబట్టి చిన్న బండి మీద చాలా ఏళ్లు నడిపినవాళ్లకు ఈ సంగతే తెలియదు.

వేడి ఇంకొకటి. పెట్రోలు ఇంజిన్ తాగే ఇంధనంలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా మాత్రమే బండిని నడపడానికి పనికొస్తుంది, మిగతాది వేడిగా పోతుంది. హైవే మీద గాలి దాన్ని తీసుకుపోతుంది. సిగ్నల్ దగ్గర రేడియేటర్ ఫ్యాన్ తిరగడం మొదలయ్యాక ఆ గాలి నేరుగా మోకాళ్లకు, పిక్కలకు తగులుతుంది. రోజుకు గంట ట్రాఫిక్‌లో ఉండేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. కొందరు ఆర్నెల్లలో పెద్ద బండి అమ్మేయడానికి ఇదే అసలు కారణమవుతుంది.

ఇక చెయ్యి. చిన్న బండి మీద మలుపులో యాక్సిలరేటర్ సగం తిప్పినా ఏమీ కాదు, మిగులు అంతగా లేదు కాబట్టి. అదే అలవాటుతో పెద్ద బండి మీద తిప్పితే వెనక టైరు పట్టు వదిలేయగలదు. ఇంతకంటే ప్రమాదమైనది ఇంకొకటుంది: బండి అనుకున్నదానికంటే గట్టిగా ముందుకు దూకుతుంది, ఒళ్లు వెనక్కి పోతుంది, హ్యాండిల్ పట్టుకున్న చెయ్యి కూడా వెనక్కి లాగుతుంది, దాంతో యాక్సిలరేటర్ ఇంకా తెరుచుకుంటుంది. పట్టు బిగించేకొద్దీ బండి స్పీడు పెరుగుతుంది. మోకాళ్లతో ట్యాంకును నొక్కి పట్టి, చేతులు వదులుగా ఉంచే అలవాటు ఉన్నవాళ్లకు ఇది జరగదు. ఆ అలవాటు చిన్న బండి మీదే నేర్చుకోవచ్చు, నేర్చుకోవాలి కూడా.

ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసేది), ట్రాక్షన్ కంట్రోల్ (యాక్సిలరేటర్ తిప్పినప్పుడు వెనక చక్రం జారకుండా చూసేది) ఈ తప్పుల్లో కొన్నిటిని సరిదిద్దుతాయి. 1988లో బీఎండబ్ల్యూ కే100తో మోటార్‌సైకిళ్లకు ఏబీఎస్ వచ్చింది, 2014 మోడల్ కేటీఎం 1190 అడ్వెంచర్‌తో బండి ఎంత వంగి ఉందో కూడా చూసుకుని పనిచేసే రకం వచ్చింది. రెండు బండ్ల మధ్య ఎంచుకోవాల్సి వస్తే పది హార్స్‌పవర్ తక్కువైనా ఇవి ఉన్న బండి మెరుగు. అయినా ఇవేవీ 83 మీటర్లను 37 చేయలేవు.

అనుభవం బండితో పాటు మారదు

అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజిలెస్ ప్రాంతంలో 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను అక్కడికక్కడే వెళ్లి పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. పాతదే, బండ్లు అప్పటికీ ఇప్పటికీ చాలా మారాయి, కానీ ఈ ప్రశ్నకు అందులో రెండు విషయాలు సూటిగా తగులుతాయి. ప్రమాదానికి గురైనవాళ్లు సగటున దాదాపు మూడేళ్లుగా రోడ్డు మీద బండి నడుపుతున్నవాళ్లే. అయినా వాళ్లలో సగానికి పైగా, ప్రమాదం జరిగిన ఆ బండి మీద మాత్రం ఐదు నెలల అనుభవం కూడా లేనివాళ్లు. అనుభవం మనిషికి ఉంటుంది గానీ, బ్రేకు ఎక్కడ పడుతుంది, బరువు ఎటు ఒరుగుతుంది అన్నవి ప్రతి బండికీ మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాల్సిందే.

రెండోది ఇంకా ఆసక్తికరం. పెద్ద ఇంజిన్ బండ్లు, రోడ్డు మీద వాటి సంఖ్యతో పోలిస్తే, ప్రమాదాల్లో తక్కువగానే కనిపించాయి. కానీ ప్రమాదం అంటూ జరిగితే దెబ్బలు మాత్రం ఎక్కువ తీవ్రంగా ఉన్నాయి. పెద్ద బండి అంటేనే ప్రమాదమన్న మాటకూ, పెద్ద బండి మీద ఉంటే భద్రమన్న మాటకూ రెండిటికీ ఇది జవాబు. దీనికి బలం స్పీడు లెక్కలోనే ఉంది: 80 నుంచి 100కి పోతే స్పీడు పెరిగేది 25 శాతం, గుద్దుకున్నప్పుడు ఒంటి మీద పడే శక్తి పెరిగేది 56 శాతం.

చాలా దేశాల లైసెన్సు నిబంధనలు కూడా ఇదే ఆలోచన మీద నిలబడ్డాయి. యూరోపియన్ యూనియన్‌లో చిన్న మోటార్‌సైకిళ్లకిచ్చే ఏ1 లైసెన్సుకు 125 సీసీ, 11 కిలోవాట్లు హద్దు. దాని పై మెట్టు ఏ2కి 35 కిలోవాట్లు, అంటే 47 హార్స్‌పవర్. ఇంటర్‌సెప్టర్ 650 సరిగ్గా ఆ గీత దగ్గరే ఆగడం గమనించాలి. ఏ2 మీద రెండేళ్లు గడిచాకే పరీక్ష రాసో శిక్షణ తీసుకునో హద్దులేని లైసెన్సుకు పోవచ్చు. సింగపూర్‌లో 200 సీసీ, 400 సీసీ, ఆపైన అని మూడు మెట్లు, మెట్టుకు మెట్టుకు మధ్య ఏడాది. జపాన్‌లో 400 సీసీ దాటితే వేరే లైసెన్సు. ఆస్ట్రేలియా వాళ్లు కొత్తవాళ్లకు 660 సీసీ దాకా అనుమతిస్తారు గానీ టన్నుకు 150 కిలోవాట్లు మించకూడదంటారు, అంటే సీసీ కంటే పవర్‌కూ బరువుకూ ఉన్న నిష్పత్తి ముఖ్యమని వాళ్లు గుర్తించారు. ఇలాంటి మెట్లు లేని చోట ఉండేవాళ్లు తమకు తామే ఒక మెట్టు పెట్టుకోవడం మంచిది, 15 నుంచి నేరుగా 100 హార్స్‌పవర్‌కు దూకకుండా 40 చుట్టుపక్కల ఆగడం లాంటిది.

కొన్న తర్వాత ఖర్చు

ఇక్కడ ఎక్కువ చెప్పేదేమీ లేదు, అన్నీ పెరుగుతాయి. వెడల్పు టైర్లు, రోడ్డును గట్టిగా పట్టుకునే మెత్తటి రబ్బరు కాబట్టి త్వరగా అరుగుతాయి, వెనక టైరు ముందుదానికంటే చాలా ముందే పోతుంది. సిలిండర్లు రెండైతే స్పార్క్ ప్లగ్గులు, వాల్వ్ సర్దుబాటు రెండింతల పని. మైలేజీ తగ్గుతుంది, ట్యాంకు పెద్దది కాకపోతే ఒక్కసారి నింపితే వెళ్లే దూరం కూడా తగ్గుతుంది. ఇన్సూరెన్స్ చాలా చోట్ల సీసీని బట్టి మెట్లు మెట్లుగా ఉంటుంది. బండి ధర మీద కాకుండా మూడేళ్లలో అయ్యే మొత్తం మీద లెక్క వేస్తేనే నిజం తెలుస్తుంది, అందులో హెల్మెట్, జాకెట్, గ్లౌజులు, బూట్లు కూడా కలపాలి.

టెస్ట్ రైడ్‌లో ఏం చూడాలి

పది నిమిషాల టెస్ట్ రైడ్‌లో చాలామంది చేసేది ఒకటే, ఖాళీ రోడ్డు దొరకగానే లాగి చూడటం. బండి బాగా లాగుతుందని అప్పటికే తెలుసు, కొత్తగా తేలేదేమీ లేదు. దానికి బదులు ఇంజిన్ ఆపి, బండిని చేత్తో వెనక్కి తోసి పార్కింగ్‌లోంచి బయటికి తీయండి. హ్యాండిల్ పూర్తిగా తిప్పి నడక వేగంతో రెండు వైపులా యూటర్న్ తీసుకోండి. రోజూ వెనక కూర్చునే మనిషిని తీసుకెళ్లి, వీలైతే ఎత్తు రోడ్డు మీద ఆపి మళ్లీ కదిలించి చూడండి, పెద్ద బండి మీద అసలైన పరీక్ష అదే. ఇంజిన్ బాగా వేడెక్కాక సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగండి.

టెస్ట్ రైడ్ కంటే ముందు చేయగలిగినది ఇంకొకటుంది. ఇప్పుడున్న బండిని బాగా సర్వీసింగ్ చేయించి, ఒక నెల పాటు యాక్సిలరేటర్ చివరిదాకా తిప్పి కూడా ఇంకా కావాలనిపించిన ప్రతిసారీ ఒక కాగితం మీద రాసుకోండి: ఏ రోడ్డు, ఎంత స్పీడు, ఒక్కరా ఇద్దరా. నెలాఖరుకు అందులో రెండు వరుసల రోడ్ల ఓవర్‌టేక్‌లు, ఇద్దరితో ఘాట్ రోడ్డు ప్రయాణాలు వరుసగా ఉంటే పెద్ద బండి అవసరమే. కాగితం మీద రెండు మూడు వరుసలే ఉండి, అవి కూడా పక్కనుంచి ఎవరో దాటి వెళ్లిన సందర్భాలే అయితే, ఉన్న బండికి మంచి టైర్లు వేయించి ఇంకో ఏడాది నడపవచ్చు.